కఫంలో కాపురం

1940ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలో ఉల్లి పండించే రైతులను ఒక కుళ్లు తెగులు బాగా విసిగించింది. గడ్డ పైపొరలు మెత్తబడి, జిగటగా మారి, పుల్లటి వాసనతో జారిపోయేవి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్లు చదివే వాల్టర్ బర్క్‌హోల్డర్ ఆ కుళ్లుకు కారణమైన బ్యాక్టీరియాను పట్టుకుని 1950లో దాని వివరాలు ప్రకటించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అది ఉల్లి మడుల సంగతే. మనుషుల డాక్టర్లకు దానితో పెద్దగా పని పడలేదు.

1984లో టొరంటోలోని పిల్లల ఆస్పత్రి నుంచి ఒక నివేదిక వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆ ఉల్లి బ్యాక్టీరియా కనబడుతోందని, ఏటేటా ఆ సంఖ్య పెరుగుతోందని అందులో ఉంది. అది చేరిన కొందరు బాగానే తిరుగుతూ ఉండి, ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, న్యుమోనియా వచ్చి, కొద్ది వారాల్లోనే చనిపోయారు. ఆ బ్యాక్టీరియాను ఇప్పుడు బర్క్‌హోల్డేరియా సెపేసియా అంటారు. నిజానికి అది ఒకటి కాదు, దగ్గరి చుట్టాలైన ఇరవైకి పైగా జాతుల గుంపు. దాని మొండితనం గురించి ఒక్క ముక్క చాలు. ప్రయోగశాలలో పెన్సిలిన్ తప్ప మరో ఆహారం లేకుండా పెంచితే, అది పెన్సిలిన్‌నే తిని బతికిందని 1979లోనే తేలింది. క్రిములను చంపడానికి ఆస్పత్రుల్లో వాడే ద్రావణాల సీసాల్లోనూ అది కాపురమున్న సందర్భాలు ఉన్నాయి.

ఇంత జగమొండి క్రిమి మీకూ నాకూ ఏమీ చెయ్యదు. ఇలాంటి మట్టి క్రిములను, నీటి క్రిములను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, అవి బయటికి పోతూనే ఉంటాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో తేడా అంతా ఆ బయటికి పోవడం దగ్గరే వస్తుంది. లోపలికి వెళ్లినది అక్కడే ఉండిపోతుంది. ఉండిపోయినది ఏళ్ల తరబడి ఆ చోటికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. ఆ మారే తీరు తెలిస్తేనే ఈ జబ్బుకు చేసే వైద్యం ఎందుకు అంత వింతగా, అంత హడావిడిగా, ఒక్కోసారి అంత కఠినంగా కనిపిస్తుందో అర్థమవుతుంది.

గాలి గొట్టాల లోపలి గోడ మీద పల్చటి నీటి పొర ఉంటుంది. దానిపైన జిగురు పొర. నీటి పొరలో శైలికలనే సన్నటి నూగు సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ పైనున్న జిగురును గొంతువైపు నెడుతూ ఉంటుంది. దుమ్మూ క్రిములూ ఆ జిగురుకు అంటుకుని పైకి వస్తాయి, మనం తెలియకుండానే మింగేస్తాం. ఈ ఏర్పాటంతా ఆ నీటి పొర మందం మీద ఆధారపడి ఉంది. కణాల గోడలో ఉండే ఒక ప్రొటీన్, ఉప్పులోని క్లోరైడును బయటికి వదిలే తలుపులా పనిచేస్తుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. ఆ తలుపు పేరు సీఎఫ్‌టీఆర్. దాన్ని తయారు చేసే జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది. 1989లో లాప్ చీ సూయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియోర్డన్‌ల బృందాలు దాన్ని కనిపెట్టాయి. ఆ ప్రొటీన్ 1,480 అమైనో ఆమ్లాల గొలుసు. ఐరోపా సంతతి వాళ్లలో ఎక్కువగా కనిపించే లోపంలో 508వ స్థానంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం జారిపోయి ఉంటుంది. ఆ ఒక్కటీ లేక గొలుసు సరిగా మడత పడదు. సరిగా మడత పడని సరుకును కణం గోడ దాకా రానివ్వకుండా లోపలే ముక్కలు చేసి పారేస్తుంది.

తలుపు లేదు, నీరు రాదు. జిగురు గట్టిపడి గోడకు అంటుకుపోతుంది, దాని బరువు కింద శైలికలు ఊగలేవు. గోదావరి కాలువలు చూసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నీరు పారుతున్నంత సేపు నిలవలేని గుర్రపుడెక్క, పారుదల కట్టేస్తే కొన్నాళ్లకే కాలువంతా కమ్మేస్తుంది.

చాలాకాలం ఒక ప్రశ్న తేలకుండా ఉండిపోయింది. ఈ పిల్లల ఊపిరితిత్తులు పుట్టుకతోనే వాచి ఉండటం వల్ల క్రిములు చేరతాయా, క్రిములు చేరడం వల్ల వాస్తాయా? ఎలుకల్లో ఆ జన్యువును తీసేసి చూశారు, మనుషుల్లో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వాటికి రానేలేదు. 2008లో అయోవా విశ్వవిద్యాలయంలో మైకేల్ వెల్ష్ బృందం, సహచరులతో కలిసి, ఆ జన్యువు పనిచేయని పందిపిల్లలను పుట్టించింది. పుట్టిన గంటల్లో చూస్తే వాటి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, వాపు లేదు. కానీ క్రిములు లోపలికి వెళ్తే మామూలు పందిపిల్లలు వదిలించుకున్నంత బాగా ఇవి వదిలించుకోలేకపోయాయి. కొన్ని నెలలకు మనుషుల్లో కనిపించే జబ్బే వాటికీ వచ్చింది. క్రిములను తరిమే శక్తి తగ్గడమే మొదటి మెట్టు అని అలా తేలింది.

చెమట గ్రంథుల్లో అదే తలుపు తిరగబడి పనిచేస్తుంది. చెమటలోంచి ఉప్పును వెనక్కి లాక్కోవడం అక్కడ దాని పని. అది లేనివాళ్ల చెమట ఉప్పగా ఉంటుంది. 1948లో న్యూయార్క్‌లో విపరీతమైన ఎండలు కాశాయి. వడదెబ్బతో ఆస్పత్రికి వస్తున్న పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉన్నారని పాల్ డి సాంట్ ఆన్యేజీ అనే డాక్టరు గమనించాడు. 1953లో ఆయన బృందం ఆ ఉప్పు సంగతి ప్రచురించింది. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు, చర్మం మీద మందు రాసి చిన్నపాటి కరెంటుతో చెమట పట్టించి కొలిచే పద్ధతి రూపొందించారు. నేటికీ జబ్బును నిర్ధారించే పరీక్ష అదే. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోల్స్ దాటితే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నట్టే లెక్క.

అంతకు ముందు 1938లో ఈ జబ్బును విడదీసి చూపిన డొరొతీ ఆండర్సన్ దీన్ని క్లోమం జబ్బుగానే వర్ణించింది. క్లోమరసం గొట్టాలు మూసుకుపోయి తిన్నది అరగక పిల్లలు పసితనంలోనే పోయేవారు. అరుగుదలకు ఎంజైముల మాత్రలు వచ్చాక పిల్లలు బతకడం మొదలైంది. అప్పుడు ఊపిరితిత్తులు ముందుకొచ్చాయి. ఈ జబ్బుతో పోయేవాళ్లలో ఎక్కువమంది ఊపిరితిత్తులు చెడిపోవడం వల్లే పోతారు.

పసివయసులో మొదట చేరేవి స్టెఫైలోకాకస్ ఆరియస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా వంటివి. వీటికి మందులు బాగానే పనిచేస్తాయి. అసలు మనిషి తర్వాత దిగుతాడు. సూడోమోనాస్ ఎరుజినోసా.

సింకు కింది గొట్టంలో, కుండీ మట్టిలో, సరిగా ఆరని నెబ్యులైజరు కప్పులో, ఎక్కడ తడి ఉంటే అక్కడ అది ఉంటుంది. 1882లో కార్ల్ జెస్సార్ అనే ఫ్రెంచి ఫార్మసిస్టు గాయాల కట్ల మీద పడిన నీలి ఆకుపచ్చ మరకల నుంచి దాన్ని వేరు చేశాడు. ప్రయోగశాలలో అది పెరిగిన గాజు పళ్లెం మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన గుప్పుమంటుంది. కాలిన గాయాల మీద, వెంటిలేటరు మీదున్న రోగుల్లో అది చూపించే ఉగ్రరూపం వేరు. అక్కడ తోక ఊపుకుంటూ ఈదుతుంది, విషాలు చిమ్ముతుంది, రోజుల్లో రక్తంలోకి వెళ్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఊపిరితిత్తుల్లో మొదట దిగినప్పుడు కూడా అదే బయటి రకం. తర్వాత జరిగేదే విచిత్రం.

కొంతకాలానికి దానిలో ఒక జన్యువు చెడిపోతుంది. ఆ జన్యువు పని ఆల్జినేట్ తయారీని అదుపులో పెట్టడం. సముద్రపు నాచు నుంచి తీసి ఐస్‌క్రీము చిక్కదనానికి కలిపే పదార్థమూ ఈ జాతిదే. అదుపు పోయాక బ్యాక్టీరియా తన చుట్టూ ఆ జిగురును దట్టంగా కప్పుకుంటుంది. ల్యాబులో పళ్లెం మీద తడితడిగా మెరిసే గుండ్రటి ముద్దలు కనిపించాయంటే, క్రిమి ఇక అక్కడే ఉండిపోవడానికి సిద్ధపడిందని డాక్టర్లకు తెలుస్తుంది. విడివిడిగా ఈదే క్రిములు గుంపులు కడతాయి. కోపెన్‌హేగెన్‌లో నీల్స్ హాయిబీ 1970ల్లోనే రోగుల కఫాన్ని మైక్రోస్కోపులో చూసి, జిగురులో చుట్టుకుని ఉన్న ఈ గుంపుల ప్రాధాన్యం పసిగట్టాడు. ఇప్పుడు బయోఫిల్మ్ అంటున్నది దీన్నే. గుంపులో తమ సంఖ్య ఎంతుందో తెలుసుకోవడానికి ఈ క్రిములు రసాయన సంకేతాలు విడుస్తాయి. 2000లో ప్రదీప్ సింగ్, సహచరులు రోగుల కఫంలో ఆ సంకేతాలను కొలిచారు. ల్యాబులో బయోఫిల్ములు విడిచే పాళ్లలోనే అవి ఉన్నాయి.

గడ్డకట్టిన కఫం లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. 2002లో అది కొలిచి చూపించారు. సూడోమోనాస్‌కు అదీ అడ్డు కాదు, ఆక్సిజన్ బదులు నైట్రేటుతో శ్వాస నడిపించుకోగలదు. మన యాంటీబయాటిక్‌లలో చాలావరకు చురుగ్గా పెరుగుతున్న క్రిమినే దెబ్బతీస్తాయి. ఇక్కడ క్రిమి నిదానంగా, దాదాపు నిద్రలో ఉన్నట్టు బతుకుతుంది. మందు జిగురును దాటుకుని లోపలికి చేరినా, చంపడానికి పట్టు దొరకదు.

2006లో సియాటిల్ శాస్త్రవేత్తలు ఒక రోగి నుంచి ఆరు నెలల వయసులో తీసి దాచిన సూడోమోనాస్‌నూ, ఎనిమిదేళ్ల వయసులో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి జన్యుపటం మొత్తం చదివారు. వంశం అదే, కానీ 68 చోట్ల మార్పులు ఉన్నాయి. అవి ఎక్కడెక్కడున్నాయన్నది ఇంకా ఆసక్తికరం. ఈదడానికీ, కణాలను పొడవడానికీ, విషం చిమ్మడానికీ కావలసిన జన్యువులు వరుసగా మూలపడ్డాయి. తీవ్రమైన జబ్బు తెచ్చే ఆయుధాలన్నిటినీ క్రిమి తనంతట తానే దించేసుకుంది. మన రక్షణ వ్యవస్థ శత్రువును గుర్తుపట్టేది ఆ ఆయుధాలను చూసే కాబట్టి, అవి లేకపోవడమే దానికి లాభం. తోక లేని క్రిమిని తెల్లకణాలు మింగడం కష్టం. స్పెయిన్ బృందం ఒకటి 2000లో ఇంకో సంగతి బయటపెట్టింది. మూడో వంతుకు పైగా రోగుల్లో, జన్యు తప్పులను దిద్దుకునే యంత్రాంగమే చెడిపోయిన సూడోమోనాస్ రకాలు ఉన్నాయి. దిద్దుకోవడం మానేసింది కాబట్టి అది వందల రెట్లు వేగంగా మారుతుంది, మందులకు లొంగని గుణాన్ని అంత త్వరగానూ సంపాదిస్తుంది.

ఇంకా ముందుకెళ్లి, ఊపిరితిత్తుల మార్పిడి సమయంలో తీసేసిన పాత ఊపిరితిత్తులను ముక్కముక్కగా పరీక్షించినప్పుడు (2015లో అచ్చయిన పని ఇది) ఒక్కో తమ్మెలో ఒక్కో రకం జనాభా కనిపించింది. ఒకే పూర్వీకుడి సంతానం పై తమ్మెలో ఒకలా, కింది తమ్మెలో మరోలా ఏళ్ల తరబడి విడివిడిగా మారుతూ వచ్చింది. ఒక చోట మందుకు లొంగేది మరో చోట లొంగదు. రోగి దగ్గి ఇచ్చిన ఒక చెంచా కఫం నుంచి నాలుగు ముద్దలు పెంచి, ఏ మందు పనిచేస్తుందో పట్టిక రాసివ్వడం ఎంత అరకొర పనో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆ పట్టిక చెప్పినదానికీ రోగి కోలుకోవడానికీ పొంతన కుదరకపోవడం ఈ వైద్యులకు పాత అనుభవమే. పని చెయ్యదని రాసి ఉన్న మందుతోనూ కొందరు కోలుకుంటారు.

ఇక ఊపిరితిత్తులను పాడుచేసేది ఎవరు? ఆయుధాలు దించిన క్రిమి కాదు, ఎక్కువగా మన సొంత సైన్యమే. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు గుంపులు గుంపులుగా వచ్చి జిగురు గుంపును మింగలేక, అక్కడే పగిలి చస్తాయి. వాటి లోపలి ఎలాస్టేజ్ అనే ఎంజైము గాలి గొట్టాల గోడలను కొరికేస్తుంది. గోడలు సాగి, వదులై, సంచుల్లా మారతాయి, వాటిలో ఇంకా కఫం నిలుస్తుంది. చచ్చిన కణాల డీఎన్ఏ పోగులు కఫాన్ని బంకలా చేస్తాయి. కఫం పచ్చగా ఉండటానికి కారణమూ చాలావరకు ఈ తెల్లకణాల్లోని ఎంజైమే. 1993లో అమెరికాలో అనుమతి పొందిన డోర్నేజ్ ఆల్ఫా అనే మందు క్రిములనేమీ అనదు, ఆ డీఎన్ఏ పోగులను కత్తిరిస్తుంది, అంతే. కఫం పల్చబడి దగ్గితే బయటికి వస్తుంది.

క్రిమి స్థిరపడ్డాక వెళ్లగొట్టడం దాదాపు అసాధ్యమైనప్పుడు, స్థిరపడకముందే పట్టుకోవాలని మొదట పట్టుబట్టింది డెన్మార్క్ వైద్యులు. కోపెన్‌హేగెన్ కేంద్రంలో రోగులు నెలనెలా వచ్చి కఫం ఇవ్వాలి, ఒంట్లో బాగున్నా సరే. 1991లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం చాలా చిన్నది. కఫంలో సూడోమోనాస్ అప్పుడప్పుడే కనబడుతున్న 26 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు, క్రిమి కనిపించినప్పుడల్లా, పీల్చే కొలిస్టిన్, మింగే సిప్రోఫ్లాక్సాసిన్ మూడు వారాలు. ఇంకో జట్టుకు ఏమీ లేదు. 27 నెలలు గడిచేసరికి మందు తీసుకున్న 14 మందిలో ఇద్దరికి, తీసుకోని 12 మందిలో ఏడుగురికి క్రిమి శాశ్వతంగా స్థిరపడింది. పెద్ద ప్రయోగాల మీద నాకు గౌరవం ఉంది కానీ, వైద్యం దిశ మార్చడానికి ఒక్కోసారి ఇరవై ఆరుగురు చాలు. ఇప్పుడు చాలా దేశాల్లో మార్గదర్శకాలు ఆ మాటే చెబుతాయి. క్రిమి తొలిసారి కనిపించగానే కొట్టు, లక్షణాల కోసం ఆగకు.

స్థిరపడిన వాళ్లకు వేరే పద్ధతి. రక్తంలోంచి మందు కఫంలోకి సరిగా చేరదు కాబట్టి గాలితోనే పంపుతారు. పీల్చే టోబ్రామైసిన్ 1997 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. 28 రోజులు వాడాలి, 28 రోజులు ఆపాలి. అజిత్రోమైసిన్ వాడకం ఇంకో దారిలో వచ్చింది. జపాన్‌లో సూడోమోనాస్ చేరే మరో ఊపిరితిత్తుల జబ్బుకు అదే కుటుంబానికి చెందిన ఎరిత్రోమైసిన్ తక్కువ మోతాదులో నెలల తరబడి ఇస్తే రోగులు బాగుపడ్డారు. ఆ మోతాదు సూడోమోనాస్‌ను చంపదు. వాపునూ, క్రిముల మధ్య సంకేతాలనూ అణచడం వల్ల ఫలితం ఇస్తోందని భావిస్తున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఉప్పునీళ్ల సంగతి. ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే రోగులు తమకు కఫం తేలిగ్గా వస్తోందని చెప్పడం అక్కడి వైద్యులను ఆలోచనలో పడేసింది. గాలి గొట్టంలో ఉప్పు ఎక్కువైతే నీరు దాని వెంట వస్తుంది, లేని తలుపు చేయాల్సిన పనిని కొంతసేపు ఉప్పే చేస్తుంది. 7 శాతం ఉప్పునీటిని నెబ్యులైజరుతో రోజుకు రెండుసార్లు పీలిస్తే జబ్బు ముదిరే సందర్భాలు బాగా తగ్గాయని 2006లో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగం తేల్చింది. లక్షల ఖరీదు మందుల వరుసలో ఈ ఉప్పునీళ్లు ఇప్పటికీ దర్జాగా నిలబడి ఉన్నాయి.

మళ్లీ ఉల్లి క్రిమి దగ్గరికి రావాలి, ఎందుకంటే రోగుల జీవితాలను సూడోమోనాస్ కంటే అదే ఎక్కువ మార్చింది. 1980ల్లో ఉత్తర అమెరికాలో, బ్రిటన్‌లో ఈ పిల్లలకు వేసవి శిబిరాలు జరిగేవి. ఇంట్లో, బడిలో ఒంటరిగా దగ్గుతూ, మాత్రలు మింగుతూ గడిపే పిల్లలకు తమలాంటి వాళ్లు కనిపించేది అక్కడే. ఒకే పడవెక్కేవారు, ఒకే గదిలో పడుకునేవారు. వాళ్లలో ఒకే వంశపు బర్క్‌హోల్డేరియా అట్లాంటిక్‌కు ఇటూ అటూ, ఎడిన్‌బరోలోనూ టొరంటోలోనూ, కనబడసాగింది. 1993లో ఎడిన్‌బరోకు చెందిన జాన్ గోవన్ బృందం, ఆస్పత్రి బయటి స్నేహాల ద్వారా కూడా అది ఒకరి నుంచి మరొకరికి పోతోందని చూపించింది. శిబిరాలు మూతపడ్డాయి. సహాయ బృందాల సమావేశాలు ఆగిపోయాయి. క్లినిక్‌లలో ఒక్కో రకం క్రిమి ఉన్నవాళ్లకు ఒక్కో రోజు కేటాయించారు. లివర్‌పూల్ పిల్లల క్లినిక్‌లో మందులకు లొంగని ఒకే రకం సూడోమోనాస్ చాలామందిలో వ్యాపించిందని 1996లో తేలాక, ఆ జాగ్రత్త మిగతా క్రిములకూ విస్తరించింది. ఇప్పటి అమెరికా నియమం ప్రకారం ఈ జబ్బు ఉన్న ఇద్దరు కనీసం ఆరడుగుల దూరం పాటించాలి. ఏ జబ్బుకైనా అదే జబ్బున్న తోటి మనిషి పక్కన కూర్చోవడం ఒక ఊరట. ఇక్కడ అదే ప్రమాదం. కరోనా రోజుల్లో మనకు కొత్తగా అనిపించిన మాస్కూ దూరమూ వీళ్లకు అప్పటికే పాత అలవాటు.

అదే 1990ల్లో అమెరికాలో ఉల్లి క్రిమి బంధువులను పంటలకు జీవ రక్షణ మందుగా చల్లే ప్రయత్నాలు సాగాయి. మొక్కల వేళ్లకు బూజు పట్టకుండా అవి కాపాడతాయి. పొలంలో మేలు చేసేదే ఈ పిల్లల్లో ప్రాణం తీస్తోందని వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పాక ఆ దారి మూసుకుపోయింది. దీని మరో దగ్గరి చుట్టం, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చేది, వరి పొలాల బురదలో, ఆగ్నేయాసియా నుంచి మన తూర్పు తీరం దాకా ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లు వానాకాలంలో ఆ ప్రాంతాలకు వెళ్లేటప్పుడు బురదకు దూరంగా ఉండమని హెచ్చరిస్తారు.

ఇటీవలి దశాబ్దాల్లో కొత్త భయం క్షయ క్రిమి బంధువైన మైకోబ్యాక్టీరియం అబ్సెసస్. నెలల తరబడి మూడు నాలుగు మందులు కలిపి ఇచ్చినా లొంగదు. బ్రిటన్‌లోని పాప్‌వర్త్ ఆస్పత్రిలో ఇదీ రోగి నుంచి రోగికి పోయి ఉంటుందని 2013లో జన్యుపటాలు సూచించాయి. లండన్‌లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన ఒక పదిహేనేళ్ల అమ్మాయికి ఈ క్రిమి కాలేయానికీ చర్మానికీ పాకింది, మందులన్నీ అయిపోయాయి. డాక్టర్లు పిట్స్‌బర్గ్‌లోని గ్రాహమ్ హాట్‌ఫుల్‌ను అడిగారు. ఆయన దగ్గర విద్యార్థులు మట్టి నుంచి, కంపోస్టు నుంచి వేరు చేసి పంపిన బ్యాక్టీరియాభక్షక వైరస్‌లు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలోంచి మూడు పనికొచ్చాయి. వాటిలో ఎక్కువ చురుకైనది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్లిన వంకాయ అడుగు నుంచి ఒక విద్యార్థిని తీసినది. మిగతా రెండూ క్రిమిని చంపకుండా దానిలో నిద్రపోయే రకాలు కావడంతో, ఆ నిద్రకు కారణమైన జన్యువును తీసేసి వాడారు. 2018లో చికిత్స మొదలైంది, 2019లో ఫలితం అచ్చయింది. పుండ్లు మానాయి, కాలేయం మెరుగుపడింది. క్రిమి పూర్తిగా పోలేదు. ఒక్క రోగికి పనిచేసిన వైరస్ మరో రోగిలోని అదే జాతి క్రిమి మీద పనిచేయకపోవచ్చు కాబట్టి, ఇది దుకాణంలో దొరికే మందు అవడానికి చాలా దూరం ఉంది.

అసలు తలుపునే బాగుచేసే మందులు ఈలోగా వచ్చేశాయి. 2012లో ఐవకాఫ్టర్, కొద్దిమందిలో ఉండే ఒక లోపానికి. 2019లో మూడు మందుల కలయిక ట్రైకాఫ్టా, ఆ 508వ లోపం ఒక్క ప్రతి ఉన్నవాళ్లకు కూడా. మొదలుపెట్టిన గంటల్లోనే రోగులు కఫం గుట్టలుగా దగ్గేయడం చాలా చోట్ల చూశారు. ఊపిరి ఎంత వదలగలరో కొలిచే లెక్క అమాంతం పెరిగింది. 1950ల్లో బడి వయసు దాకా బతికితే గొప్ప అనుకున్న జబ్బులో, అమెరికాలో ఇప్పుడు పుట్టే పిల్లల అంచనా ఆయుర్దాయం అరవై దాటింది. మరి క్రిములు? తలుపు తెరుచుకుని నీరు పారితే కొట్టుకుపోతాయని ఆశ పడ్డారు. సంఖ్య బాగా తగ్గింది. కానీ ఏళ్లుగా స్థిరపడిన వాళ్లలో చాలామందికి అదే వంశపు సూడోమోనాస్ మిగిలే ఉంది. ఐవకాఫ్టర్ వాడిన వాళ్లలో మొదటి ఏడాది తగ్గి, తర్వాత మళ్లీ పెరిగిన దాఖలాలూ ఉన్నాయి. సాగిపోయిన గాలి గొట్టాలను మందు తిరిగి బిగించలేదు, క్రిమికి ఆ మూలలు చాలు. కొత్త చిక్కు ఒకటి. మందు పనిచేసి కఫమే రాకపోతే పరీక్షకు ఏం పంపాలి? గొంతులో దూది పుల్ల పెట్టి తీసినది లోతుల్లో ఏముందో సరిగా చెప్పదు.

మన దగ్గర ఈ జబ్బు లేదని చాలాకాలం నమ్మారు. 1968లోనే మన దేశపు తొలి కేసు ఒకటి వైద్య పత్రికలో వచ్చినా ఆ నమ్మకం పోలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్.కె. కాబ్రా బృందం 1990ల నుంచి చెమట పరీక్షలు చేస్తూ వందల మందిని గుర్తించాకే పిల్లల డాక్టర్ల చెవికెక్కింది. తమిళనాడు వేలూరులోని సీఎంసీ మరో పెద్ద కేంద్రం. బ్రిటన్, అమెరికాల్లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల లెక్కల నుంచి 10,000 మందిలో ఒకరికో, 40,000 మందిలో ఒకరికో ఉండవచ్చని అంచనా వేశారు. తక్కువ అంచనా పట్టుకున్నా, మన జనాభాకు అది వేల సంఖ్య. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పిల్లకు జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఎక్కువగా సాగే తెలుగు జిల్లాల్లో ఇలాంటి అరుదైన జన్యువులు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది.

మరి ఎక్కడున్నారు వీళ్లంతా? విడవని దగ్గుకు ఆస్తమా అని, బరువు పెరగకపోతే పోషణ లోపమని, రెండూ కలిస్తే టీబీ అని రాసేస్తున్నారు. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చలుంటే మన ఊళ్లలో మొదటి మాట టీబీయే, అందులో తప్పు కూడా పట్టలేం. అబ్సెసస్ క్రిమి కఫం పరీక్షలో అచ్చం టీబీ క్రిమిలాగే ఎరుపు రంగు పట్టి కనిపిస్తుంది కూడా. ఎండాకాలం మరో ఆధారం ఇస్తుంది. మే నెల ఎండలో చెమటతో ఉప్పంతా పోగొట్టుకుని, విరేచనాలేమీ లేకుండానే పసిబిడ్డ వాడిపోయి, రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి వస్తే, ఒక్కసారి చెమట పరీక్ష ఆలోచించాలి. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటాడని తల్లి చెబితే నవ్వేయకూడదు.

అమెరికాలో పుట్టే తెలుగు పిల్లలకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో ఈ పరీక్ష తప్పకుండా జరుగుతుంది, 2010 నాటికి అన్ని రాష్ట్రాల్లో వచ్చేసింది. అయితే రెండో దశలో వెతికే లోపాల జాబితాలు మొదట్లో ఐరోపా సంతతిని చూసి తయారుచేసినవి. అక్కడ 508వ లోపం దాదాపు 70 శాతం. మన దేశపు అధ్యయనాల్లో అది సుమారు అయిదో వంతు నుంచి మూడో వంతు వరకే. మిగతావి అరుదైనవి, కొన్ని కుటుంబాలకే పరిమితమైనవి. ఫలితం తేడా లేదని వచ్చినా పిల్లకు దగ్గు తగ్గకపోతే చెమట పరీక్ష అడగడం మేలు. ఇదే తేడా మందు దగ్గరా అడ్డొస్తుంది. అమెరికాలో ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా ధర పెట్టిన ట్రైకాఫ్టా, మన పిల్లల్లో చాలామంది లోపాలకు పనిచేస్తుందో లేదో తేల్చాల్సే ఉంది. పనిచేసే వాళ్లకు కొనే స్తోమత ఉండదు.

కాబట్టి ఇక్కడ వైద్యమంటే ఇప్పటికీ ఎక్కువ భాగం క్రిములతో పోరే. జబ్బు తేలేసరికి ఆలస్యమవడం వల్ల మన పిల్లల్లో సూడోమోనాస్ తొలి పరీక్షలోనే దొరికిపోవడం మామూలు. ఉప్పునీళ్లు, వీపు మీద తట్టి కఫం కదిలించే పద్ధతి, ఎంజైములు, నూనె నెయ్యి దండిగా ఉన్న తిండి, ఎండల్లో అదనపు ఉప్పు, ఇవన్నీ మన ఇళ్లలో సాధ్యమే. నెబ్యులైజరు కప్పును వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి, రోజుకోసారి మరిగించి, పూర్తిగా ఆరబెట్టడం మందులతో సమానమైన పని. మూడు నెలలకోసారి కఫమో గొంతు స్వాబో ల్యాబుకు పంపాలి. తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఆ తర్వాతి మాట. ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లవాడి స్వాబ్‌లో సూడోమోనాస్ మొదటిసారి కనిపించిందని, ఇవాళే మందు మొదలుపెట్టాలని డాక్టరు చెబుతారు. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా, బడి పరీక్షలు అయ్యాక చూద్దామంటారు ఇంట్లోవాళ్లు. ఆలోగా క్రిమి జిగురు కప్పుకోవడం మొదలుపెడుతుంది.